ఉపగ్రహం వచ్చినప్పుడల్లా విశాఖలో ఉదయం పదిన్నర దాటుతూనే ఎందుకుంటుంది?

ప్రశ్న అడిగినవారు: సాగరతీరం

విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. భీమిలి నుంచి యారాడ దాకా తీరం ఎక్కడెక్కడ కోతకు గురైందో ఉపగ్రహ చిత్రాలలో గుర్తించడం నా ప్రాజెక్టు. అందుకోసం రిసోర్స్‌శాట్-2 తీసిన నాలుగేళ్ల చిత్రాలు సంపాదించి, ఒక్కొక్కదానితో పాటు వచ్చే వివరాల ఫైలు తెరిచి, తీసిన తేదీనీ వేళనూ నోటుబుక్కులో వరసగా రాసుకుంటూ పోయాను. పేజీ నిండేసరికి ఒక సంగతి కంటబడింది. తేదీలు ఎంత మారినా వేళలు మారడం లేదు. పుష్యమాసపు చిత్రమైనా, ఎండలు మండే వైశాఖపు చిత్రమైనా, అన్నీ మన గడియారంలో ఉదయం 10.30కీ 10.45కీ మధ్య తీసినవే.

ఉపగ్రహపు కక్ష్యాతలం, అంటే దాని దారి మొత్తం ఇమిడి ఉండే చదును, నక్షత్రాల మధ్య కదలకుండా నిలిచి ఉంటే ఇలా జరగకూడదు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుంది కాబట్టి సూర్యుడు ఆ తలం నుంచి రోజుకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున పక్కకు జరుగుతూ పోవాలి. అంటే ఉపగ్రహం వచ్చే వేళ రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరగాలి. ఉగాది నాడు పదిన్నరకు వచ్చినది ఆషాఢం నాటికి తెల్లవారుజామున నాలుగున్నరకు రావాలి. అలా రావడం లేదంటే తలమే సూర్యునితో పాటు తిరుగుతోందన్నమాట. భూమి నడుము దగ్గర ఉబ్బెత్తుగా ఉండడమే దీనికి కారణమని పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో చెప్పి, ఒక సూత్రం ఇచ్చి ఊరుకుంది.

నా సందేహం ఆ ఒక్క వాక్యం దగ్గరే. నడుము దగ్గర అదనపు పదార్థం ఉంటే, అది వాలుగా ఉన్న కక్ష్యను తన వైపు లాక్కుని, వాలును కొంచెం కొంచెంగా తగ్గించి, చివరికి భూమధ్యరేఖ మీద పడుకోబెట్టాలి కదా? అలా చేయకుండా తలాన్ని పక్కకు ఎందుకు తిప్పుతుంది? పైగా ఈ ఉపగ్రహపు వాలు, అంటే దాని కక్ష్య భూమధ్యరేఖతో చేసే కోణం, 98.7 డిగ్రీలు అంటారు. ధ్రువాల మీదుగా పంపదలచుకుంటే 90 డిగ్రీలు పెట్టకుండా ఈ వింత అంకె ఎక్కడిది? సూత్రం నాకు తెలుసు. అది ఎందుకు అలా ఉందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: భీమిలి బాట

ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదనుకుంటాను. ఉపగ్రహంలో ఇంధనం ఉంటుంది కదా, భూకేంద్రం నుంచి అప్పుడప్పుడు ఆదేశాలు పంపి చిన్న ఇంజన్లను మండించి కక్ష్యను సరిచేస్తూ ఉంటారు. వేళ తప్పకుండా ఉండడానికి అదే కారణం కావచ్చు.

జవాబు: పాత మాస్టారు

ముందు ఇంధనం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది తప్పని తెలిస్తేనే ఉబ్బు చేసే పని ఎంత పెద్దదో అర్థమవుతుంది. రిసోర్స్‌శాట్-2 సుమారు 817 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు 7.44 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అంత వేగంతో పోయేదాని తలాన్ని ఇంజన్లతో రోజుకు ఒక డిగ్రీ తిప్పాలంటే, రోజుకు సెకనుకు దాదాపు 127 మీటర్ల వేగపు మార్పు ఇవ్వాలి. ఏడాదికి కూడితే అది సెకనుకు 46 కిలోమీటర్లు అవుతుంది. నేల మీంచి బయలుదేరి కక్ష్యకు చేరడానికి కావలసిన వేగం మొత్తం సెకనుకు 9, 10 కిలోమీటర్లే. కాబట్టి ఒక్క ఏడాది పాటు తలాన్ని ఇంధనంతో తిప్పడం కంటే నాలుగైదు సార్లు కొత్తగా ప్రయోగించడమే సులువు! ఇంజన్లు చిన్నచిన్న సవరణలకు వాడతారన్నది నిజమే కానీ, రోజూ తిప్పే పని మాత్రం భూమి నడుమే చేసిపెడుతోంది.

భూమధ్యరేఖ దగ్గర భూమి వ్యాసార్ధం 6378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6357. తేడా 21 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. మామూలు గోళం లాగే ఉంది అనిపించే ఈ భూమికి నడుము చుట్టూ పలచని వడ్డాణం ఒకటి పెట్టినట్లు ఊహించుకోండి. ఇక ఆ వడ్డాణం ఏం చేస్తుందో చూడడానికి ఉపగ్రహం వెంటే ఒక్క చుట్టు తిరిగి వద్దాం.

ముందు తేలికైన ఉదాహరణ తీసుకుందాం. ఉపగ్రహం తూర్పుకు తిరిగేది, వాలు 50 డిగ్రీలు. అది దక్షిణం నుంచి వచ్చి భూమధ్యరేఖను దాటి ఈశాన్యంగా ఎక్కుతోంది. రేఖ దాటిన క్షణం నుంచి వడ్డాణం దానికి దక్షిణాన ఉంటుంది కాబట్టి, భూకేంద్రం వైపు లాగే అసలు ఆకర్షణకు తోడు దక్షిణం వైపుకు చిన్న అదనపు లాగుడు పడుతుంది. ఎక్కుతున్నంత సేపూ ఆ లాగుడు ఎక్కడాన్ని అడ్డుకుంటుంది కనుక దారి కొంచెం చదునవుతుంది. ఇంతవరకు మీరు అన్నది అక్షరాలా నిజం. అయితే ఉత్తరపు కొసను చేరి దిగడం మొదలుపెట్టాక, అదే దక్షిణపు లాగుడు ఇప్పుడు దిగడానికి సాయం చేస్తుంది. ఎక్కేటప్పుడు ఎంత వాలు తగ్గిందో దిగేటప్పుడు అంతే పెరుగుతుంది. మళ్లీ రేఖను దాటే సమయానికి వాలు ఖాతా చెల్లు.

చెల్లు కానిది మరొకటి ఉంది. ఉత్తరార్ధంలో ఉన్నంత సేపూ ఉపగ్రహం రేఖ వైపుకే లాగబడుతూ వచ్చింది. అందువల్ల అది సరిగ్గా సగం చుట్టు, అంటే 180 డిగ్రీలు, పూర్తి చేయకముందే రేఖను దాటేస్తుంది. దక్షిణార్ధంలో కూడా అంతే, ఈసారి లాగుడు ఉత్తరానికి. మళ్లీ కొంచెం ముందే దాటుతుంది. తూర్పుకు పోతున్నవాడు గమ్యానికి కాస్త ముందే గీత దాటితే, దాటిన చోటు పడమరకు జరిగినట్లే కదా. ఇలా చుట్టుచుట్టుకూ దాటే చోటు పడమరకు జరుగుతూ పోతుంది. దాన్నే మనం తలం తిరగడం అంటున్నాం.

ఇప్పుడు వాలును 90 దాటించి చూడండి. అప్పుడు ఉపగ్రహం కాస్త పడమరకు మొగ్గి తిరుగుతుంది. ఈ వాదంలో ఒక్క మాట కూడా మార్చనక్కరలేదు. అది కూడా ముందే దాటుతుంది, కానీ పడమరకు పోతున్నది కాబట్టి ముందే దాటడం అంటే తూర్పున దాటడం. సూర్యుడు రాశుల మధ్య జరిగేది తూర్పుకే. అందువల్ల సూర్యునితో జత కుదరాలంటే తలం తూర్పుకు తిరగాలి, తలం తూర్పుకు తిరగాలంటే వాలు 90 దాటాలి. సరిగ్గా 90 దగ్గర ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే దొరుకుతుంది: ధ్రువాల మీదుగా పోయే తలానికి వడ్డాణం రెండు పక్కలా సమానంగా ఉంటుంది, లాగుడు ఎప్పుడూ తలంలోనే పడుతుంది, తలం ఎటూ తిరగదు.

చిన్నప్పుడు బొంగరం తిప్పినవారికి ఇంకో విధంగా చెప్పవచ్చు. తిరిగే బొంగరాన్ని బరువు పడదోయాలని చూస్తే అది పడదు. ఒరిగిన దాని అక్షం మెల్లగా చుట్టూ తిరుగుతుంది. తిరుగుతున్న వస్తువును ఒక వైపు వంచబోతే అది ఆ వైపుకు కాకుండా దానికి అడ్డంగా కదులుతుంది. మన ఉపగ్రహాన్ని ఒక చుట్టంతా పరచి ఉంగరంగా ఊహిస్తే, ఆ ఉంగరం కూడా ఒక బొంగరమే. తేడా ఒకటి ఉంది, దాన్ని చాలామంది గమనించరు. బరువు బొంగరపు అక్షాన్ని పడగొట్టాలని చూస్తుంది. వడ్డాణమేమో ఉంగరాన్ని నడుము మీద పరచి దాని అక్షాన్ని నిలబెట్టాలని చూస్తుంది. ప్రయత్నం తిరగబడింది కనుక తిరిగే దిశ కూడా తిరగబడింది. అందుకే తూర్పుకు పోయే ఉపగ్రహాల తలాలు పడమరకు వెనక్కి నడుస్తాయి.

వెనక్కి నడవడం మనకు కొత్త కాదు. పంచాంగంలో రాహుకేతువులు ఎప్పుడూ వెనక్కే నడుస్తారు. చంద్రుని కక్ష్య, సూర్యుని దారి ఒకదాన్నొకటి దాటే రెండు బిందువులే వారిద్దరూ. రాశికి ఏడాదిన్నర చొప్పున 18.6 ఏళ్లలో ఒక చుట్టు పూర్తి చేస్తారు. అక్కడ లాగేది భూమి నడుము కాదు, సూర్యుడు. కానీ జరిగే కథ ఇదే. ఉపగ్రహానికి కూడా రాహువు, కేతువు ఉన్నారనుకోండి. రిసోర్స్‌శాట్ రాహువు మాత్రం ముందుకు నడుస్తాడు.

జవాబు: లెక్కల నోటు

మాస్టారు కారణం చెప్పారు కనుక నేను అంకెలకు పరిమితమవుతాను. 817 కిలోమీటర్ల ఎత్తున గుండ్రని కక్ష్యకు సూత్రంలో భూమి విలువలు వేస్తే, తలం రోజుకు తిరిగేది 6.53 డిగ్రీలను వాలు కొసైన్‌తో గుణించి ముందు ఋణ గుర్తు పెట్టినంత. సూర్యుడు సగటున రోజుకు జరిగేది 0.9856 డిగ్రీలు. ఈ రెండూ సమానం కావాలంటే కొసైన్ విలువ మైనస్ 0.151 కావాలి, అంటే వాలు 98.7 డిగ్రీలు. మీరు అడిగిన వింత అంకె ఇక్కడిదే. ఎవరో ఎంచుకున్నది కాదు, ఎత్తు నిర్ణయించగానే తనంతట తాను వచ్చి పడేది. ఎత్తు మారితే అదీ మారుతుంది: 618 కిలోమీటర్ల ఎత్తుకు పంపిన కార్టోశాట్-1కు 97.9 డిగ్రీల దగ్గర సరిపోయింది. ఎత్తు పెరిగేకొద్దీ నడుము పట్టు త్వరగా సడలిపోతుంది కాబట్టి వాలు మరింత పెంచాలి. 1988 మార్చి 17న బైకనూరు నుంచి బయలుదేరిన ఐఆర్ఎస్-1ఎ దాదాపు 904 కిలోమీటర్ల ఎత్తున తిరిగినందువల్ల దానికి 99 డిగ్రీలు దాటించారు.

ఒక్కో చుట్టుకు ఎంత జరుగుతుందో కూడా చూడండి. చుట్టుకు 101 నిమిషాలు, రోజుకు 14 చుట్ల పైన. అంటే మాస్టారు చెప్పిన ముందే దాటడం చుట్టుకు 0.07 డిగ్రీలే, ఉపగ్రహం ఎత్తున కొలిస్తే తొమ్మిది కిలోమీటర్లకు కాస్త తక్కువ. గాజువాక నుంచి డాబాగార్డెన్స్‌కు పోయేంత దూరం కూడా కాదు.

వాలులో పొరపాటుకు శిక్ష మాత్రం గట్టిగానే ఉంటుంది. డిగ్రీలో పదోవంతు తప్పితే ఏడాది తిరిగేసరికి దాటే వేళ దాదాపు 16 నిమిషాలు మారిపోతుంది. సూర్యచంద్రుల ఆకర్షణ వాలును ఏటా కొద్దికొద్దిగా కదిలిస్తూ ఉంటుంది, భీమిలి బాట గారు చెప్పిన ఇంధనం ఖర్చయ్యేది దాన్ని సరిచేయడానికి. ఇంధనం అయిపోయిన ఉపగ్రహాల చిత్రాల్లో వేళ మెల్లగా పక్కదారి పట్టడం కనిపిస్తుంది. ఏళ్ల తరబడి చిత్రాలను పోల్చేవారు ముందుగా చూసుకోవలసినది అది.

మీ నోటుబుక్కు గురించి రెండు మాటలు. ఈ ఉపగ్రహం ఉత్తరం నుంచి దిగుతూ భూమధ్యరేఖను దాటేటప్పుడు అక్కడి స్థానిక వేళ 10.30 ఉండేలా కక్ష్య పెట్టారు. కానీ విశాఖ ఉన్నది రేఖ మీద కాదు, 17.7 డిగ్రీల ఉత్తరాన. అక్కడి నుంచి రేఖకు దిగేలోపు ఉపగ్రహం 2.8 డిగ్రీలు పడమరకు మొగ్గుతుంది కనుక, మన మీదికి వచ్చినప్పుడు స్థానిక వేళ 10.41 అవుతుంది. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానిది, విశాఖ 83.3 దగ్గర ఉంది కాబట్టి మన గడియారం స్థానిక వేళకు మూడు నిమిషాలే వెనక. అంటే 10.38. మీ వేళలన్నీ దీని చుట్టూనే ఉండాలి, చూసి చెప్పండి.

ఇంకొకటి, ఇది మీ ప్రాజెక్టుకు పనికివస్తుంది. వేళ మారకపోయినంత మాత్రాన నీడలు మారకుండా ఉండవు. డిసెంబరు చివర ఆ వేళకు విశాఖలో సూర్యుడు దిగంతం మీద 45 డిగ్రీల లోపే ఉంటాడు, కాబట్టి వంద మీటర్ల ఎత్తున్న కొండ అంచు నీడ వాయవ్యానికి వంద మీటర్లు పరుచుకుంటుంది. జూన్ చివర సూర్యుడు 70 డిగ్రీలు దాటి ఉంటాడు, పైగా నడినెత్తికి ఉత్తరపు పక్కన ఉంటాడు. నీడ 35 మీటర్లకు కుంచించుకుపోయి నైరుతికి తిరుగుతుంది. డాల్ఫిన్ నోస్ కింద నీడను తడి ఇసుక అని గుర్తిస్తే తీరం కోసుకుపోయినట్లే కనిపిస్తుంది. ఏటా ఒకే నెల చిత్రాలను పోల్చుకోవడం క్షేమం.

సాగరతీరం:

ఇద్దరికీ నమస్కారాలు. లెక్కల నోటు గారూ, నా పట్టికలోని వేళల సగటు తీస్తే 10.38 వచ్చింది! రెండేళ్లుగా ఆ అంకెలు నా బల్ల మీదే ఉన్నా ఎప్పుడూ సగటు తీసి చూడలేదు. నీడల సంగతి కూడా మంచి సమయానికి చెప్పారు. జనవరి చిత్రాన్ని మే చిత్రంతో పోల్చిన చోటు ఒకటి ఉంది, దాన్ని మళ్లీ చేస్తాను.

మాస్టారూ, కొసన చేరాక అదే లాగుడు దిగడానికి సాయం చేస్తుందన్న చోట నా ముడి విడిపోయింది. నేను ఎక్కడం వరకే ఆలోచించి ఆగిపోయేదాన్ని. ఇప్పుడు మరొక సందేహం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మా డాబా మీదికి కొన్ని రోజులు వరసగా సాయంత్రం పూట కనిపిస్తుంది, తరువాత కొన్ని వారాలు అయిపు ఉండదు. మొన్న నవంబరు 9న నైరుతి నుంచి లేచి ఈశాన్యానికి పోవడం చూశాను. ఈ రావడం పోవడం కూడా నడుము ఉబ్బు వల్లనేనా? దీర్ఘవృత్తపు కక్ష్యకు కూడా ఇలాగే జరుగుతుందా?

జవాబు: పాత మాస్టారు

రెండో ప్రశ్నకు ముందు క్లుప్తంగా. దీర్ఘవృత్తానికి తలం తిరగడంతో పాటు ఇంకొకటి జరుగుతుంది: భూమికి దగ్గరి కొస, దూరపు కొస తలం లోపలే మెల్లగా చుట్టు తిరుగుతాయి. వాలు తక్కువైతే ఒక వైపుకు, ఎక్కువైతే మరో వైపుకు తిరుగుతాయి; 63.4 డిగ్రీల దగ్గర అటూ ఇటూ కాకుండా నిలిచిపోతాయి. రష్యావారి మోల్నియా ఉపగ్రహాలు ఆ అంకెను పట్టుకునే పన్నెండు గంటల పొడుగాటి కక్ష్యలలో తిరిగాయి. దూరపు కొస ఎప్పుడూ ఉత్తరార్ధం మీదే నిలిచి ఉన్నందువల్ల మంచు దేశాలకు గంటల తరబడి సంకేతాలు అందేవి.

ఇక అంతరిక్ష కేంద్రం. దాని వాలు 51.6, ఎత్తు 415 కిలోమీటర్ల చుట్టుపక్కల. తలం రోజుకు 5 డిగ్రీలు పడమరకు నడుస్తుంది, సూర్యుడు ఒక డిగ్రీ తూర్పుకు జరుగుతాడు; కలిపితే ఆరు డిగ్రీల ఎడబాటు, అంటే వచ్చే వేళ సగటున రోజుకు 24 నిమిషాలు ముందుకు జరుగుతుంది. కాబట్టి రెండు నెలలకు ఒక చుట్టు పూర్తవుతుంది. సూర్యుడు అస్తమించి, కేంద్రానికి మాత్రం ఇంకా ఎండ తగులుతూ ఉండే గంటన్నర వ్యవధిలో అది రావాలి. ఆ వ్యవధిలో ఉండేది నాలుగైదు రోజులే. మీరు చూసిన రావడం పోవడం అదే.

అయితే రెండు నెలలకు ఒక్కసారి కాదు, రెండుసార్లు వస్తుంది, ఎందుకంటే ఎక్కుతూ ఒకసారి, దిగుతూ ఒకసారి మన అక్షాంశాన్ని దాటుతుంది. ఆ రెండూ సమాన దూరాలలో లేవు. ఎక్కే దారి, దిగే దారి విశాఖ అక్షాంశం దగ్గర 151 డిగ్రీల ఎడంలో ఉన్నాయి. దాన్ని ఆరుతో భాగిస్తే 25 రోజులు; మిగిలినవి 35. అంటే నైరుతి నుంచి ఈశాన్యానికి ఎక్కే సాయంత్రాల తరువాత 25 రోజులకు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి దిగే సాయంత్రాలు వస్తాయి, ఆ తరువాత 35 రోజులకు మళ్లీ మొదటివి. నవంబరు 9న ఎక్కుతూ చూశారు కనుక డిసెంబరు 4 ప్రాంతంలో వాయవ్యం వైపు కనిపెట్టుకుని ఉండండి. అసలు రోజు రెండు మూడు రోజులు అటూ ఇటూ కావచ్చు.

జవాబు: దిక్సూచి

ఇక్కడ కలపదగిన పాత సంగతి ఒకటుంది. ఉబ్బు తలాన్ని తిప్పుతుందని తెలిస్తే, తలం తిరిగే వేగం కొలిచి ఉబ్బును తూచవచ్చు. 1957 నవంబరులో ఎగిరిన స్పుత్నిక్-2 తలం నడకను లెక్కగట్టినవారు చేసింది అదే; అప్పటివరకు సర్వేలు భూమి చదునుదనాన్ని, అంటే నడుము వ్యాసార్ధంలో ధ్రువాల దగ్గర తగ్గే వంతును, 297వ వంతుగా పట్టుకుని ఉంటే, అది 298వ వంతుకు దగ్గరని తేలింది. తరువాత 1958 మార్చి 17న ఎగిరిన వాన్‌గార్డ్-1 కక్ష్యలోని ఊగిసలాటల నుంచి భూమి రవ్వంత బేరిపండు ఆకారంలో ఉందని కూడా పట్టుకున్నారు. సరిగ్గా ముప్పై ఏళ్లకు, అదే తేదీన, లెక్కల నోటు గారు చెప్పిన ఐఆర్ఎస్-1ఎ ఎగిరింది. యాదృచ్ఛికమే అయినా చెప్పాలనిపించింది.

ఇదే కథ తిరగేసి కూడా నడుస్తుంది. ఉపగ్రహాన్ని భూమి నడుము లాగితే, భూమి నడుమును సూర్యచంద్రులు లాగుతారు. అప్పుడు బొంగరం భూమే: దాని అక్షం 26 వేల ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది. మనం మకర సంక్రాంతిని జనవరి 14నో 15నో చేసుకుంటూ ఉంటే, ఆకాశంలో అసలు ఉత్తరాయణం డిసెంబరు 21, 22 నాటికే మొదలైపోవడానికి కారణం ఆ తిరుగుడే. పంచాంగకర్తలు అయనాంశ అని ప్రతి ఏడూ వేసే అంకె, ఇప్పుడు 24 డిగ్రీల దగ్గరున్నది, ఆ జమాఖర్చు.

అంగారకునికి కూడా నడుము ఉబ్బు ఉంది, మన కంటే ఎక్కువే; అందువల్ల అక్కడ 93 డిగ్రీల వాలు చాలు, అమెరికావారి మార్స్ రికనైజాన్స్ ఆర్బిటర్ దానితోనే ఎప్పుడూ మధ్యాహ్నం మూడింటి ప్రాంతపు వెలుగులో నేలను చూస్తుంది. శుక్రునికి ఆ వసతి లేదు. తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు తీసుకునే గ్రహానికి నడుము ఎక్కడి నుంచి వస్తుంది!

సాగరతీరం:

డిసెంబరు 4న ఆకాశమంతా మబ్బు, ఏమీ కనిపించలేదు. 5న సాయంత్రం 6.25కు సింహాచలం కొండ వైపు, మాస్టారు చెప్పిన వాయవ్యంలోనే, నక్షత్రం కంటే గట్టి వెలుగుతో లేచింది. మా అమ్మ కూడా డాబా మీదికి వచ్చి చూసింది. నెత్తికి కాస్త పక్కగా దాటి, సముద్రం మీదికి పోయి, ఆగ్నేయాన దిగుతూ దిగుతూ భూమి నీడలో పడి ఎర్రబడి ఆరిపోయింది. మొత్తం నాలుగు నిమిషాలు. నోటుబుక్కులో తీరం పట్టిక కిందే జనవరి 8 ప్రాంతానికి, నైరుతి అని రాసుకున్నాను.